రేగుకంప పెట్టిన ఇల్లు

అక్టోబర్ 21, సోమవారం

ఈరోజు రాజనర్సును కొట్టేవాడిని. కొట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను. అన్నం గంట. సగం టైల్స్ పరిచిన హాల్లో సిమెంటు బస్తా మీద కూర్చున్నాను. ఎవరూ చదవరు కాబట్టి మర్యాదలు అక్కర్లేదు.

చెల్లెకు కోరుట్ల క్యాంపస్‌లో సీటు వచ్చింది. మా ఇంట్లో ఇంటర్ దాటింది నవనీత ఒక్కతే. నేను ఇంటర్ తప్పి టైల్స్ పనికి వచ్చాను. ఆ తర్వాత నేను చదివిందంతా పని జాగాల్లో చుట్టిన పాత పేపర్లు, లైబ్రరీలో దొరికిన పుస్తకాలు. హాస్టల్ నిండింది. కొత్త బిల్డింగ్ జూన్‌కు అయితదట, అప్పటిదాకా మొదటి సంవత్సరం వాళ్లు బయట చూసుకోవాలి. నవంబర్ నాలుగున క్లాసులు. మా ఊరు ఎల్లంతకుంట పక్కన. సిరిసిల్లలో ఒక బస్సు మారి, వేములవాడలో ఇంకో బస్సు మారి కోరుట్లకు వచ్చేసరికి సగం రోజు అయిపోతుంది. రోజూ తిరగడం కాని పని. నాతో ఉంచుకుందామంటే నేను పని నడిచే ఇంట్లోనే, గోడల తడి ఆరకముందే, నలుగురు కూలీల పక్కన పడుకుంటాను.

బాపు ఫోన్‌లో ఒకటే మాట. "అర్ర దొర్కితే సదువుతది. దొర్కకుంటే ఇంటికాడ ఉంటది. ఆడివిల్లను బస్టాండ్ల పండవెడ్తమారా?" తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. పైనుంచి కిందికి చూసి మాట్లాడినట్టే మాట్లాడతాడు.

రాజనర్సు ఇల్లు క్యాంపస్ గోడ వెనక వీధిలో. మూడంతస్తులు. 'రూములు కలవు' అని బోర్డు.

"ఎవలికి తమ్మీ?"

"మా చెల్లెకు కాకా. క్యాంపస్‌ల సదువుతది."

"మీరు ఎవలోళ్లు?"

"గౌండ్లోళ్లం."

"మంచిదే, మంచిదే. నీసు తింటరా?"

"తింటం."

"గదే మల్ల. మా ఇంట్ల దేవుడుంటడు."

"నీ గేటు కాడ కోడీకలున్నయి గద కాకా."

"గవి పక్కింటియి." అని ముఖం అటు తిప్పి, వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు. "ఎన్ని రోజులుంటది? దగ్గు గిట్ల ఏమన్న ఉన్నదా? జరమొస్తే ఎవలు జూస్తరు? చూడ ఎవలెవలస్తరు? రేపు ఏమన్నయితే పేరు నా ఇంటికస్తది."

ఆ ఇంటి రెండో అంతస్తు టైల్స్ నేనే వేశాను. మోకాళ్లు వాచిపోయేలా వేశాను. అప్పుడూ నీసు తినేవాడినే. అప్పుడు అడగలేదు.

అక్టోబర్ 22

మూడు వీధులు తిరిగాను. ఏం లేదు.

అక్టోబర్ 24, గురువారం

ఒక ప్రైవేటు హాస్టల్ చూశాను. వంటగదిని అడ్డంగా రేకుతో చీల్చి మంచం మీద మంచం ఎక్కించారు. పై మంచంలో పిల్ల లేచి కూర్చుంటే తల ఫ్యాన్‌కు తగులుతుంది. దానికి అడిగిన కిరాయి వింటే నవ్వొచ్చింది. నవ్వితే ఆమెకు కోపం వచ్చింది. "నవ్వుతవేంది? రేపు పొద్దుగాల అస్తే గిది సుత ఉండది" అంది.

ఇంకో ఇల్లు. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. పైన నాలుగు గదులు తాళమేసి ఉన్నాయి. ముసలామె గుమ్మంలోనుంచే చెప్పింది. "ఆడివిల్లలైతే బాధ్యత. మొగవిల్లలైతే లొల్లి. ఎవలికియ్యం బిడ్డా. మా పోరడు కట్టుకున్నడు, మా పోరడస్తడు." పోరడు ఎప్పుడొస్తాడని అడిగితే తెలియదంది.

ఈ ఊళ్లో సగం ఇళ్లు తాళాలకు కిరాయికిచ్చారు.

అక్టోబర్ 25

విఠల్ వాళ్ల ఇల్లు.

ఎందుకు ముందే గుర్తు రాలేదు? గుర్తు రాలేదు, అంతే.

పోయిన ఎండాకాలం ఆ ఇంటి టైల్స్ నేను వేశాను. విఠల్ మస్కట్‌లో ఉంటాడు. అతని భార్య జమునక్క, తల్లి కొమురవ్వ, తండ్రి లచ్చయ్య ఇక్కడ. లచ్చయ్య తాత కుర్చీ వేసుకుని నా వెనకే కూర్చునేవాడు. పరిచిన ప్రతి టైల్‌నూ చేతికర్రతో టక్ టక్‌మని కొట్టి, "గిది బోలుగ పల్కుతున్నది, తియ్యి" అనేవాడు. తిట్టుకుంటూ తీసేవాడిని. సాయంత్రం ఆయనే చాయ పోయించేవాడు.

సెప్టెంబర్‌లో పోయాడు. పోయిన నక్షత్రం మంచిది కాదని పంతులు అయ్యగారు చెప్పాడట. ఇంటిని ఆరు నెలలు విడిచిపెట్టాలి. దీపం పెట్టకూడదు, మనిషి మసలకూడదు. తలుపుకు తాళమేసి గడపకు అడ్డంగా రేగుకంప పెట్టి వెళ్లిపోయారు. ఈరోజు ఆ వీధిలో పోయి చూశాను. కంప ఎండింది. రేగాకులు గడప మీద రాలి ఉన్నాయి. లోపల నేను వేసిన టైల్స్ ఎవరూ తొక్కకుండా ఉన్నాయి. రాజనర్సు ఇంటికి నాలుగిళ్ల అవతల. క్యాంపస్ గేటుకు నడిచి పోవచ్చు.

నాకు నక్షత్రాల మీద నమ్మకం లేదు. ఎప్పుడూ లేదు. నక్షత్రం అంటే ఏమిటో పుస్తకంలో చదివినవాడిని.

అక్టోబర్ 27, ఆదివారం

విఠల్ వాళ్ల పొలం బావి దగ్గరికి వెళ్లాను. జమునక్క వాళ్లు పసుపు చేను పక్కన బర్రెల కొట్టంలో ఉంటున్నారు. సగంలో బర్రెలు, సగంలో టార్పాలిన్ కట్టుకుని వీళ్లు. అంత ఇల్లున్న మనుషులు.

"ఊళ్లె కిరాయికి చూడలేదా అక్కా?"

"చూడకుంటనా? ఇడిసిపెట్టిన ఇంటోళ్లని ఎవలు రానిస్తరు తమ్మీ? మా ఎంబడి నచ్చత్రం అస్తదట. నా సొంత అక్క గుమ్మం కాన్నే చెంబు నీళ్లిచ్చి పంపింది."

విన్నాక కొంచెం ఆగాలి కదా. ఆగలేదు. వచ్చిన పని అడిగేశాను.

"అక్కా, నీ ఇల్లు కిరాయికి కావాలె. మా చెల్లెకు."

"నీకు మతి ఉన్నదా అర్వింద్?"

"నాకు గీ పట్టింపుల్లేవు. నేను సదివిన."

"ఏం సదివినవ్? ఇంటర్ తప్పినవ్ గద!"

కొట్టంలోంచి దగ్గు వినిపించింది. కొమురవ్వ. గొంగడి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

జమునక్క గొంతు తగ్గించింది. "ఆయన గాడ పరాయి దేశంల ఉన్నడు. రోజుకింత ఎత్తున తాళ్ల మీద వేలాడి అద్దాలు తుడుస్తడు. నేను గడప దాటిన నాడు ఆయనకేమన్నయితే? నాకు భయమైతది తమ్మీ."

"నిన్నెవలు దాటుమన్నరక్కా? అయ్యగారు ఇంటోళ్లను మసలద్దన్నడు. మేం ఇంటోళ్లం కాదు గద. మీ నచ్చత్రం మాకెందుకంటుకుంటది?"

అది ఎక్కడి తెలివో నాకే తెలియదు. ఆమె విఠల్‌కు ఫోన్ కలిపింది. అటునుంచి అతను అన్నది నాకూ వినిపించింది. "మనిషి లేకుంటే బోరు మోటరు తుప్పువడ్తది, చెదలు పడ్తయి. ఉండనీ. వెనక మెట్లెంబడి పై అర్రలకు పోవాలె. ముంగట కంప ముట్టద్దు. కింద దీపం పెట్టద్దు. అవ్వకు చెప్పకు."

కిరాయి ఆ ప్రైవేటు హాస్టల్ ఆమె అడిగిన దాంట్లో పావు. మార్చి దాకా.

అక్టోబర్ 28

నవనీతకు చెప్పాలా? ఎందుకు? నాకు నమ్మకం లేదు. లేనిదాని గురించి చెప్పడానికి ఏముంటుంది.

బాపుకు కూడా అంతే. గల్ఫోళ్ల ఇల్లు, వాళ్లు చేను దగ్గర ఉంటారు, అన్నాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

నవంబర్ 3, ఆదివారం

నవనీతను తీసుకొచ్చాను. ఒక సూట్‌కేసు, ఒక స్టవ్వు, మా అవ్వ కట్టిచ్చిన మామిడి తొక్కు డబ్బా. పై గదికి రెండు కిటికీలు. ఒకటి తెరిస్తే క్యాంపస్ చెట్లు కనిపిస్తాయి. అది మంచం మీద కూర్చుని రెండు చేతులూ చాపి, "గీ అర్ర మొత్తం నాకేనా అన్నా?" అంది. మా ఇంట్లో అవ్వ, బాపు, మేమిద్దరం, ఎప్పుడూ నలుగురం ఒకే గదిలో.

నేను తిరిగి వెళ్లేటప్పుడు వీధి దాకా వచ్చి, ఇంటి ముందు వైపు చూసి అడిగింది.

"ముంగట తలుపుకు కంప ఎందుకున్నదన్నా?"

"మేకలు రాకుంట."

"ఊఁ" అంది.

ఊరి నుంచి మా అవ్వ ఫోన్ చేసింది. కొత్త ఇల్లు కదా, పిల్ల తలాపున ఇంత ఇనుప ముక్క పెట్టమని. ఇనుము ఉంటే ఏదీ దగ్గరికి రాదట. గట్టిగా తిట్టాను. ఈ కాలంలో కూడా ఇవేం మాటలు అన్నాను. రాకెట్లు పోతున్నాయి అన్నాను. అవ్వ పెట్టేసింది.

నవంబర్ 4

పనికి వచ్చి సంచి విప్పితే తాపీ లేదు. నవనీత గదిలో మంచం తలవైపు మర్చిపోయినట్టున్నాను. రబ్బరు సుత్తి, లెవెల్, కట్టర్ అన్నీ సంచిలోనే ఉన్నాయి.

మేస్త్రి దగ్గర అడుక్కుని పని చేశాను. తిట్టాడు.

నవంబర్ 10, ఆదివారం

బాగుంది. నవనీత ల్యాబ్ కోటు వేసుకుని చూపించింది. దాంతో చదివే నీల అనే అమ్మాయిది సారంగాపూర్. చుట్టాలింట్లో ఉంటూ ఇబ్బంది పడుతోందని గదిలోకి రమ్మందట. కిరాయి సగమవుతుంది. మంచిదే అన్నాను.

తాపీ అడగడం మర్చిపోయాను.

నవంబర్ 13

నీల వచ్చి ఒక రోజు ఉండి పోయిందట. ఎందుకో నవనీత చెప్పలేదు. నేనూ అడగలేదు.

నవంబర్ 17, ఆదివారం

జగిత్యాలలో పని. అందుకే వెళ్లలేకపోయాను, ఫోన్ చేశాను. గొంతు బొంగురుగా ఉంది. జలుబట. మాటల్లో అంది, "మధ్యాన్నం క్లాసు లేని రోజు పండుకుంటే కిందికెల్లి టక్ టక్‌మని సప్పుడస్తదన్నా. కర్రతోని కొట్టినట్టు."

"ఎలుకలు" అన్నాను.

"ఎలుకలకు కర్రలుంటయా?" అని నవ్వింది.

ఎలుకలే.

నవంబర్ 18

ఎలుకలే. ఖాళీ ఇల్లు, వడ్ల బస్తాలు ఉంటాయి, ఎలుకలు రాకుండా ఎక్కడికి పోతాయి.

నవంబర్ 19, మంగళవారం

ధర్మపురిలో పని పడింది. ఒక్క రోజు పని. జగిత్యాల నుంచి బస్సులో పోయాను. ఒళ్లంతా సిమెంటు దుమ్ము కాబట్టి గోదావరిలో మునిగాను. యమధర్మరాజు గుడి దారిలోనే ఉంది కాబట్టి లోపలికి పోయాను. గండాలు తప్పుతాయని అందరూ గండదీపంలో నూనె పోస్తున్నారు. వరుసలో నిలబడ్డాక పోయకపోతే వెనకవాళ్లు తోస్తారు. పోశాను. పేరు అడిగితే నవనీత అని చెప్పాను. నా పేరు చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు.

చూసుకుంటే పని లేదు. రమ్మన్నవాడు ఫోన్ ఎత్తలేదు.

బస్టాండ్ దగ్గర కొత్త తాపీ కొన్నాను. మంచి బరువు ఉంది.

నవంబర్ 24, ఆదివారం

నవనీతకు జలుబు తగ్గింది. కొత్త తాపీ కూడా అక్కడే మర్చిపోయి వచ్చాను. ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. పని ఎక్కువ.

డిసెంబర్ 2, సోమవారం

మళ్లీ కోరుట్ల పనిలో పడ్డాను. మధ్యాహ్నం కడుపునొప్పి అని చెప్పి పని దిగాను. మెట్ల వైపు పోలేదు. ఇంటి పక్క సందులో నిలబడ్డాను. ఆ చప్పుడు నిజమో కాదో తేల్చుకోవాలి కదా. చదువుకున్నవాడు చేయాల్సింది అదే.

టక్. టక్. టక్.

లచ్చయ్య తాత కర్ర చప్పుడు నాకు తెలుసు. నెల రోజులు నా వీపు వెనక విన్నాను. ఇక్కడ రాసేది నేను ఒక్కణ్ణే చదువుతాను కాబట్టి రాస్తున్నాను: పారిపోదామని వెనక్కి తిరిగాను. పైన పిల్ల ఉంది. మళ్లీ ఇటు తిరిగాను.

వెనక అరుగు మీద కొమురవ్వ కూర్చుని ఉంది. చేతిలో మొగుడి కర్ర. అరుగు అంచు టైల్స్‌ను ఒక్కొక్కటీ కొట్టి చూస్తోంది. పక్కన నవనీత స్టీలు గ్లాసులో చాయ పట్టుకుని నిలబడి ఉంది.

"అగో, టైల్సోడు" అంది కొమురవ్వ. "దా కొడుకా. నువ్వేసిన కాడికి మంచిగనే ఉన్నయి గని, గీ అంచుల రెండు కదులుతున్నయి."

నాకు కోపం వచ్చింది. ఆ భయమంతా కోపమై వచ్చింది. "నువ్వు గీడికెందుకస్తున్నవ్ అవ్వా? ఎవలన్న చూస్తే?"

"నా ఇంటికి నేనస్తే ఎవలేంజూస్తరు? కోడలు చేన్ల దిగంగనే అస్త. లోపటికి పోను, గీడ కూసుంట. గీ బిడ్డ మొదటి వారం సందే చాయ పోస్తున్నది. అడగకుంట పోస్తది."

మొదటి వారం నుంచి. నవనీత వైపు చూశాను. అది నన్నే చూస్తోంది.

"నీకు తెలుసా?"

"రేగుకంప అంటే ఏందో తెల్వనిదాన్నా అన్నా? మనూరోళ్లు ఇండ్లు ఇడిసిపెట్టంగ చూడలేదా? మేకలట, మేకలు!" నవ్వు ఆపుకుంది. "నీలకు వీధిల చెప్పిండ్రు. అది ఉర్కింది. నాకు గీ అర్ర పోతే సీటు పోతది. నేనేడికి ఉర్కాలె?"

కొమురవ్వ దగ్గింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. గొంగడిలో భుజాలు పిట్ట ఎముకల్లా ఉన్నాయి. "కొట్టంల సలికి బొక్కలు కొర్కుతున్నయి కొడుకా. బర్రెకు కప్పినట్టె నాకు గోనె కప్పుతరు, గది సుత సాలదు. లోపటికి పోత అంటే కోడలు ఏడుస్తది. ముసలోడు బతికున్నన్నాడు నన్ను ఒక్క దెబ్బ కొట్టలె. సచ్చినంక కొడ్తడా?"

నవనీత అంది, "అవ్వ పైన నా తానుంటదన్నా. నేను రమ్మన్న."

అప్పుడు నేను అడిగినవన్నీ ఇక్కడ రాయాలి. ఎన్ని రోజులుంటవ్ అని అడిగాను. దగ్గు ఎప్పటిసందో అడిగాను. జరమొస్తే ఎవలు జూస్తరు అన్నాను. చూడ ఎవలెవలస్తరు అన్నాను. ఏమన్నయితే మా చెల్లె పేరు ఖరాబైతది అన్నాను.

నవనీత గ్లాసు కింద పెట్టింది. "నీసు తింటదా అని అడుగలేదేందన్నా? అచ్చం రాజనర్సు కాక లెక్కనే అడుగుతున్నవ్."

ఆ మాటలు దానికి నేనే చెప్పాను. నవ్వించడానికి చెప్పాను.

బయటికి వచ్చేశాను.

డిసెంబర్ 3

నేను రాజనర్సును కాను. రాజనర్సుది పిసినారితనం. నాది జాగ్రత్త. ముసలామె ఆ గదిలో పోతే ఊరంతా పిల్ల మీద పడుతుంది. ఇడిసిపెట్టిన ఇంట్లో చేరి ముసల్దాన్ని చంపింది అంటారు. క్యాంపస్‌కు పోతుంది ఆ మాట. బాపు వచ్చి చేయి పట్టుకుని తీసుకుపోతాడు. ఇదంతా ఆలోచించేవాడు ఒకడు ఉండాలి కదా.

నాకు నమ్మకం లేదు. ఇది నమ్మకం గురించి కాదు.

డిసెంబర్ 5

జమునక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. కొమురవ్వ వెనక మెట్లు ఎక్కడం రాజనర్సు చూశాడు. నక్షత్రం ఇల్లు తెరిస్తే వీధి మొత్తానికి కీడని అందరినీ లేపాడు. ఆదివారం వస్తారట. పిల్లను ఖాళీ చేయించాలట. విఠల్‌కు కూడా ఫోన్ పోయింది. విఠల్ ఏమన్నాడంటే, "అందరు అన్నట్టు చెయ్యి" అన్నాడట.

సోమవారం నుంచి నవనీతకు పరీక్షలు.

డిసెంబర్ 7

మళ్లీ వీధులు తిరిగాను. దొరకలేదు. ఒకామె నవనీత ఉండే ఇల్లు ఏదో తెలియగానే తలుపు వేసుకుంది. ఇప్పుడు మా వెంట కూడా నక్షత్రం వస్తోంది.

రేపు పొద్దున సూట్‌కేసు కట్టిస్తాను. నేనే తెచ్చాను, నేనే తీసుకుపోతాను. వాళ్లు గెంటేదాకా చూడను. పరీక్షలకు వేములవాడలో ఎవరింట్లోనైనా ఉంచుతాను. ఎవరింట్లో? తెలియదు.

డిసెంబర్ 8, ఆదివారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. రేపు నేనే మార్చి చెప్పుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

నేను వెళ్లేసరికే ఇంటి ముందు జనం. రాజనర్సు తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు, పెళ్లికి వచ్చినట్టు. జమునక్క గేటు అవతల, రోడ్డు మీదే నిలబడింది. కాలు గేటు లోపల పెట్టలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏం తమ్మీ, సదువుకున్నోనివట" అన్నాడు రాజనర్సు. "వాడకట్టుకు చెడు తెస్తివి. పిల్లను దింపు."

దింపుతా అని చెప్పడానికే వచ్చాను. నోరు కూడా తెరిచాను. అప్పుడు ఇంటి పక్కనుంచి టక్ టక్‌మని వచ్చింది. కొమురవ్వ. చంకలో బట్టల మూట. మెల్లగా, ఆగి ఆగి, ముందు తలుపు దగ్గరికి వచ్చింది. వెనక మెట్ల వైపు కాదు. ముందు తలుపు. రొంటిలోంచి తాళంచెవి తీసింది. ఇన్నాళ్లూ ఆమె దగ్గరే ఉందన్నమాట.

"కొడుకా, గా కంప తియ్యి."

నాతోనే అంది. అక్కడ అంతమంది ఉండగా నాతో.

"అత్తా, నీ కాల్మొక్త!" అని జమునక్క కేకేసింది. "నీ కొడుకు గాడ ఉన్నడత్తా!"

"నా కొడుకని నాకు తెల్వదా? ఆని మీదికి ఏమచ్చినా వాళ్ల నాయిన అడ్డం పడ్తడు గని, మీదికి దొబ్బుతడా? నువ్వు రాకు బిడ్డా. నీకు భయమైతే మార్చి దాంక రాకు. నేను నిన్నేమన్న. నన్ను పోనియ్యి."

"ముసల్దానా, లోపట సస్తే ఏంగతి?" అన్నాడు రాజనర్సు. "మల్ల ఇంకో నచ్చత్రం!"

కొమురవ్వ కర్ర మీద ఆనుకుని అతని వైపు తిరిగింది. "సస్తే నా ఇంట్ల సస్త. నీ ఇంట్ల సావనిస్తవా?"

రాజనర్సు పక్కనున్నవాడి వైపు చూశాడు. వాడు నేల చూశాడు.

"చెప్పు రాజనర్సూ. గిండ్ల ఎవలన్న ఇస్తరా ఒక్క అర్ర? ఇస్తే ఇప్పుడే అస్త, మూట సుత కట్టుకొనే ఉన్న." మూట ఎత్తి అందరికీ చూపించింది. దగ్గు వచ్చింది. దగ్గుతూనే మూట ఎత్తి పట్టుకుని ఉంది.

నేను కంప దగ్గర నిలబడి ఉన్నాను. చేయి లేవలేదు. రాకెట్లు, నక్షత్రాలు, చదివిన పుస్తకాలు, మా అవ్వను తిట్టిన తిట్లు, అన్నీ తలలో ఉన్నాయి. చేయి మాత్రం లేవలేదు. తీస్తే నాకేమవుతుందని కాదు. నవనీతకు ఏమన్నా అయితే అని. జమునక్క భయం, నా భయం ఒక్కటే. ఆమె దాచలేదు, అంతే తేడా.

నవనీత మెట్లు దిగి వచ్చింది. దాని రెండు చేతుల్లో రెండు తాపీలు.

"ముండ్లు గుచ్చుకుంటయన్నా. చేత్తోని తియ్యకు, గీటితోని గుంజు." దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినిపించేలా అంది. "నా తలాపున పెట్టినవి పెట్టినట్టే ఉన్నయి. నాకేం గాలె. ఇగ తీస్కపో."

ఒకటి పాతది, పిడి దగ్గర నా చెమట నల్లగా పట్టింది. ఒకటి ధర్మపురిది.

రెండూ తీసుకున్నాను. ఒకటి కంప కింద దూర్చి ఎత్తి, రెండోదానితో గుంజాను. ఎండిన కంప కదా, తేలిగ్గానే వచ్చింది. అంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. అయినా ఒక ముల్లు బొటనవేలిలో విరిగింది. ఇప్పుడు రాస్తుంటే సలుపుతోంది.

కొమురవ్వ తాళం తీసింది. లోపలినుంచి మగ్గిన పసుపు వాసన, దుమ్ము వాసన వచ్చాయి. గడప మీద చేయి పెట్టి కళ్లకద్దుకుంది. దాటింది. నవనీత మూట అందుకుని వెనకే పోయింది.

జనం ఇంకా కాసేపు నిలబడ్డారు. ఏదో అవుతుందని చూశారు. ఏమీ కాలేదు. లోపల కర్ర చప్పుడు గది నుంచి గదికి పోతోంది. రాజనర్సు, "రేపు ఏమన్నయితే నన్ననొద్దు" అని మూడుసార్లు చెప్పి వెళ్లిపోయాడు. జమునక్క గేటు బయటే కూర్చుంది. విఠల్ నుంచి ఫోన్ మోగుతుంటే ఎత్తలేదు. తర్వాత చాయ ఆమెకూ అక్కడికే పంపింది నవనీత. ఆమె తాగింది.

చప్పుడు హాలు మధ్యలో ఆగింది.

"టైల్సోడా, ఇటు రా."

గడప దాటాను. కుడికాలో ఎడమకాలో గుర్తులేదు.

"గిది బోలుగ పల్కుతున్నది, ఇన్నవా? ముసలోడు సచ్చేదాంక చెప్పిండు, గీ ఒక్కటి మార్పించలేదని. వచ్చే ఐతారం అచ్చి తీసెయ్యి."

"తీస్త అవ్వా."

"పిల్ల హాస్టల్ అయ్యేదాంక ఉంటది. మార్చి అన్నది కోడలు, నేను గాదు. కిరాయి నా చేతికియ్యి." నవనీత వైపు చూసింది. "నీసు తింటవా బిడ్డా?"

"తింట అవ్వా."

"మరి ఇన్నొద్దులు చాయనే పోస్తివి."

డిసెంబర్ 9

నవనీతకు మొదటి పరీక్ష. బాగానే రాసిందట. కొమురవ్వ దగ్గు తగ్గలేదు. రేపు డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. జమునక్క గేటు దాకా వచ్చి అన్నం గిన్నె ఇచ్చి పోతోంది. దాటడం లేదు. నేనేమీ అనను.

నీల ఫోన్ చేసి అడిగిందట, రావచ్చా అని.

పాత తాపీ సంచిలో ఉంది. కొత్తది అక్కడే మర్చిపోయాను.